పెట్టెకు రెండో పిడి

మా డోన్‌లో పట్టాళం నుంచి పెన్షన్‌తో వచ్చిన మనిషిని ఊరికే ఇంట్లోకి పోనివ్వరు. స్టేషన్‌లో దండలు వేస్తారు, టాపు లేని జీపు ఎక్కిస్తారు, తప్పెట్లు ముందు నడుస్తాయి. ఇంతవరకు మిగతా ఊళ్లలోనూ ఉన్నదే. మా దగ్గర తేడా ఇంటి ముందర మొదలవుతుంది. సైనికుడి నల్ల రేకుపెట్టెను జీపులోంచి దించి వాకిట్లో పెడతారు. దాని మీద తెల్లరంగుతో పేరూ నంబరూ రాసి ఉంటాయి. రెండు పక్కలా రెండు ఇనుప పిడులుంటాయి. ఒక పిడి సైనికుడు పట్టుకుంటాడు, రెండోది భార్య పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి దాన్ని గడప దాటించి లోపల దించితే ఉద్యోగం అయిపోయినట్టు, ఇంటి మనిషి అయినట్టు.

ఈ కార్యక్రమానికి నిమిషాలతో సహా కాగితం రాసేది నేను. స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో ఇరవై తొమ్మిదేళ్ల ఏడు నెలలు పనిచేసి 2011లో దిగిపోయాను. ఆ మరుసటి ఏడాది మాజీ సైనికుల సంఘం వాళ్లు ఊరేగింపు మూడు గంటలు ఆలస్యంగా నడిపారు. తప్పెట్ల వాళ్లు అన్నానికి పోయారు, దండలు వాడిపోయాయి. అప్పటి నుంచి ఆ కాగితం నా చేతికి వచ్చింది. మూడు గడులు: సమయం, పని, మనిషి. ఇరవై ఆరు మందికి రాశాను. వాళ్లలో ఇద్దరు పెళ్లికానివాళ్లు. ఒకరి పెట్టె తల్లి పట్టుకుంది, ఇంకొకరిది తమ్ముడు. ఎవరి గడీ నేను ఖాళీగా వదల్లేదు.

ఇరవై ఏడో కాగితం మా చెల్లెలి కొడుకుది. అందులో ఒక గడి ఖాళీగా ఉంది. అది ఎలా ఖాళీగా ఉండిపోయిందో చెప్పాలంటే వాడి సెలవుల నుంచి మొదలుపెట్టాలి.

వాడు 2008 జనవరి తొమ్మిదిన పట్టాళంలో చేరాడు. అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా చెల్లెలు నా పక్కింట్లోనే ఉంటుంది, మధ్యలో ఒక్క గోడ. ఆమె భర్త వాడి చిన్నప్పుడే పోయాడు, నా భర్త ఆ తర్వాత. వాడి రానుపోను టికెట్లన్నీ నేనే చూసేదాన్ని కాబట్టి వాడు ఏ తారీకున యూనిట్‌లో బయలుదేరాడో, ఏ తారీకున తిరిగి చేరాలో నా డైరీలో ఉండేది. ఏడాదికి అరవై రోజుల సెలవు. 2012లో ఆ అరవైలో వాడు ఇంట్లో ఉన్నది యాభై. తర్వాతి ఏడాది నలభై తొమ్మిది. ఏటా అరవైకి పదో, పన్నెండో, పదమూడో తక్కువ వచ్చేవి. చెల్లెలు గమనించలేదు. కొడుకు కనబడితే చాలు, ఆమెకు క్యాలెండరు అక్కర్లేదు. నాకు మాత్రం నిద్రపట్టని లెక్క అది. మందు అలవాటైందేమోనని ఒక ఏడాది, ఎవరినో పెళ్లి చేసుకుని దాచాడేమోనని ఇంకో ఏడాది అనుకున్నాను.

2018 అక్టోబరు 14 ఆదివారం, వాడు సెలవులో ఉన్నాడు. మా చర్చి గుడిలో ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాం. చెల్లెలు గోడకు అటువైపు చారు తాలింపు వేస్తోంది. నేను డైరీ తెరిచి వాడి ముందు పెట్టాను.

"ఏడేండ్లకు ఎనభై మూడు దినాలు తక్కువ వస్తాండాయి. యాడ ఉంటివిరా?"

వాడు డైరీ వంక చూశాడు, నా వంక చూశాడు. "కడపలో ఉంటి పెద్దమ్మా."

"కడపలో ఎవరుండారు మనకు?"

"ఒక టైలరు."

"ఎనభై మూడు దినాలు ఏం గుడ్డలు కుట్టిచ్చినావు?"

వాడు నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పాడు. ఆ టైలరు వాడి మనిషి అని, ఆడవాళ్ల మీద వాడికి ఎప్పుడూ మనసు పోలేదని, పోదని, ఏ పిల్లనైనా చేసుకుంటే ఆ పిల్ల గొంతు కోసినట్టేనని. పట్టాళంలో తెలిస్తే ఉద్యోగం పోతుందని కూడా చెప్పాడు. అంతకు నెల ముందే, సెప్టెంబరు ఆరున, పెద్దకోర్టు ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని తీర్పు ఇచ్చింది. ఆ వార్త నేను పేపర్లో చదివాను, చదివి పక్కన పెట్టాను, మన ఇంటికి సంబంధం లేని వార్త అనుకుని.

"కోర్టు చెప్పింది గదా, ఇంక భయమేంది?" అన్నాను.

"బయటోళ్లకు చెప్పింది. పట్టాళానికి దాని చట్టం దానిదే. మాకింకా అట్లే ఉండాది."

తర్వాత ఫోన్ తీసి నాకొక ఫోటో చూపించాడు. ఏదో పైదేశం. సైనిక దుస్తుల్లో ఒకతను ఓడ దిగుతున్నాడు, రేవు మీద ఇంకో అతను వాటేసుకుంటున్నాడు, పక్కన పై అధికారులు చప్పట్లు కొడుతున్నారు. ఆ దేశాల్లో చెప్పుకునే ఉద్యోగం చేస్తారట, పెళ్లి కూడా చేసుకుంటారట.

"అయితే అక్కడోళ్ల తుపాకీలకు గురి తప్పుతాండాదా?" అని అడిగాను.

"లేదు పెద్దమ్మా. మామూలుగానే తగుల్తాది."

"మరింకేం."

అప్పుడు నాకు గుర్తున్నది ఇంతే: చారు వాసన, వాడి మోకాలు మీద నా చెయ్యి, డైరీలో ఎనభై మూడు కింద రెండు గీతలు. ఎప్పటి నుంచి అని అడిగాను. తారీకు తెలియదన్నాడు, అది టైలరుకు తెలుసన్నాడు. తారీకు గుర్తుపెట్టుకునే మనిషి అని తెలిశాక నాకు ఆ టైలరు మీద కొంచెం మంచి అభిప్రాయం కలిగింది.

అమ్మకు ఎప్పుడు చెబుతావంటే పెన్షన్ వచ్చాకే అన్నాడు. మా చెల్లెలు మంచిదే కానీ ఆమె నోట్లో మాట మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. ఆ మాట సంఘం వాళ్లకు, వాళ్ల నుంచి యూనిట్‌కు పాకితే వాడి బతుకు వీధిలో పడుతుంది. వాడి ఆఖరు రోజు 2025 జనవరి 31. నేను అక్కడికక్కడే లెక్క వేశాను. రెండు వేల మూడు వందల రోజులు. ఆ సంఖ్య మాకిద్దరికీ గుట్టు అయింది. వాడు ఫోన్ చేసినప్పుడల్లా "ఎంత పెద్దమ్మా?" అనేవాడు, నేను చెప్పేదాన్ని. పక్కనుంచి చెల్లెలు, "ఏమి ఎంత?" అంటే "బీపీ" అనేదాన్ని.

2019 జూన్ 12న నేను కడప పోయాను. ఆ మనిషిని చూడాలనిపించింది, కానీ ఊరికే పోయి చూడటం నాకు చేతకాదు. మా ఆయన పాత కోటు ఒకటి సంచిలో పెట్టుకుని పోయాను. సన్నని వీధిలో అంగడి, ముందర గాజు బీరువాలో నాలుగు చొక్కాలు, లోపల ఒకే మిషను. ముప్పై దాటినవాడు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. కోటు విప్పి బల్ల మీద పరిచాడు.

"ఎవరికి సైజు తగ్గించాల పెద్దమ్మా?"

కోటు యజమాని పోయి పదకొండేళ్లయింది. నేను సంచి సర్దుకుంటుంటే సంచిలోని డైరీ బల్ల మీద పడింది. అతను దాన్ని చూశాడు, చెవి మీది సుద్దముక్క తీసి పక్కన పెట్టాడు.

"మీరు డోన్ పెద్దమ్మ గదా. కూర్చోండి. టీ చెప్తా."

టీ వచ్చేలోగా వాడి క్షేమం మాట్లాడుకున్నాం. ఇంకా రెండు వేల యాభై తొమ్మిది రోజులు ఉన్నాయన్నాను. అతను కొంచెం సందేహించి, మిషను వెనక గోడకు సుద్దతో రాసుకున్న అంకెలు చూపించాడు.

"రెండు వేల అరవై అయితాది పెద్దమ్మా."

"నా లెక్క తప్పు పోదు నాయనా."

"కాదనను. 2020 ఫిబ్రవరి ఇరవై తొమ్మిది వేసినారు. 2024ది కూడా వేసినారా?"

వెయ్యలేదు. ఇరవై తొమ్మిదేళ్ల ఏడు నెలల్లో నా కౌంటర్‌లో ఒక్క తారీకు తప్పు పోలేదు. ఈ అబ్బాయి బెత్తెడు అంగట్లో కూర్చుని నా తప్పు పట్టుకున్నాడు. డైరీలో దిద్దుకున్నాను. మొత్తం రెండు వేల మూడు వందల ఒకటి. వీళ్లిద్దరూ మొదట కలిసిన తారీకు 2012 మే 21, సోమవారం అని కూడా అతనే చెప్పాడు. ఆ రోజు మావాడు యూనిఫాం ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, పొట్టి చేశాక మళ్లీ పొడవు చేయమని మరునాడు వచ్చాడట. నేను ఇంటికి వచ్చి క్యాలెండరు చూశాను. సోమవారమే.

కోటు అక్కడే వదిలి వచ్చాను.

ఆ తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రోజులు తగ్గుతూ పోయాయి. చెల్లెలు ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లల ఫోటోలు తెచ్చేది, వాడు ఏటా ఏదో ఒక వంక చెప్పేవాడు. ఒక పిల్ల పొడవన్నాడు, ఒక పిల్ల చదువు ఎక్కువన్నాడు, ఒకామె పేరు తన పై అధికారి భార్య పేరు అన్నాడు. ఆ చివరిది నాకే నవ్వు తెప్పించింది. చెల్లెలికి ఇవన్నీ బాధ పెట్టినా ఒక ఆశ మాత్రం చెదరలేదు. అది ఊరేగింపు. కొడుకు జీపులో నిలబడి రావాలి, వీధి వీధంతా చూడాలి. దానికోసం ఒక ఆకుపచ్చ చీర కొని, పదిహేడేళ్లుగా మడత విప్పకుండా దాచింది.

2025 జనవరి 31 శుక్రవారంతో వాడి ఉద్యోగం అయిపోయింది. ఫిబ్రవరి ఒకటో తారీకు ఉదయం ఆరూ అయిదుకు వాడు తల్లికి ఫోన్ చేశాడు. ఆరున్నరకు ఆమె నా వాకిట్లో ఉంది. చేతిలో ఫోన్ అలాగే ఉంది.

"నీకు తెలుసంట."

"తెలుసు."

"ఎన్ని దినాలనుంచి?"

"ఈ దినానికి రెండు వేల మూడు వందల రెండు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అన్ని దినాలు నా పక్కనే కూచోని లెక్క పెట్టుకుంటాంటివా అక్కా? నాకేమో బీపీ అంటివి. నీ బీపీ రెండు వేలుంటే నువ్వు ఎట్ల బతికినావని నేను గుళ్లో ప్రార్థన చేయించినా."

అది నిజం. రెండుసార్లు చేయించింది.

"వాడు ఏమన్నాడు?" అని అడిగాను.

"కొడుకు పెళ్లి సంగతి అట్లుంచు. పెట్టె సంగతి చెప్పినాడు. రెండో పిడి ఆ టైలరే పట్టుకోవాలంట. పదిహేడేండ్లు దాచుకోని పని చేసినా, నా ఇంటి గడప కూడా దాచుకోని దాటలేనమ్మా అన్నాడు. నాకిష్టం లేకపోతే ఊరేగింపు వద్దంట. కడపలోనే దిగిపోతాడంట. నన్ను చూసేదానికి వారానికోసారి బస్సులో వస్తాడంట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బస్సులో."

ఆ ఒక్క మాట ఆమెకు మిగతా అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. నా మీద కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. కానీ రెండు పూటలా కూర గిన్నె గోడ మీదికి వచ్చింది.

మూడోరోజు గోడ అవతల నుంచే నిర్ణయం చెప్పింది. "వాళ్లు ఎట్లన్నా ఉండనీ. ఆ టైలరు ఇంటికి రానీ, తిననీ, పడుకోనీ. పెట్టె మాత్రం నాది. నేను కన్నా. నేను పట్టుకుంటా."

"పెట్టె బరువు నలభై ఒక్క కిలోలు," అన్నాను. వాడిచేత తూయించాను లెండి. "నీ వాటాకు ఇరవైన్నర. నీకు అరవై ఆరేండ్లు. మోకాళ్లు రెండూ అరిగినాయి."

"తూకాలు నాకు చెప్పొద్దు."

ఆ సాయంత్రం నుంచి ఆమె ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒక చేత్తో పట్టుకుని పంపు నుంచి గడప దాకా నడవడం మొదలుపెట్టింది. పదకొండు అడుగులు. మొదటిరోజు నాలుగో అడుగుకు దించింది. రెండోరోజు ఏడు. వీధిలో వాళ్లు "ఏంటికి ఈ తిప్పలు, నీళ్లు ఇంటికే తెస్తారు గదా" అంటే, "నా కొడుకు వస్తాండాడు" అని జవాబు చెప్పేది. ఎవరికీ అర్థం కాలేదు.

ఫిబ్రవరి అయిదున సంఘం అధ్యక్షుడి ఇంటికి కాగితం పట్టుకుపోయాను. ఆయన పాతకాలం సుబేదారు, డెబ్బై మూడేళ్లు, మైకులో ఆయనే మాట్లాడతాడు. ఊరేగింపు తొమ్మిదో తారీకు ఆదివారం. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదువుకుంటూ వచ్చాడు. పదకొండూ ఇరవై, పెట్టె దించడం, అన్న చోట వేలు ఆగింది.

"ఈడ వాని పక్కన రెండో పేరు లేదేం మేడమ్?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లోడు టైలరు పేరు అడుగుతున్నాడని, టైలరు అతనికి ఏమవుతాడో కూడా. ఆయన కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.

"మా కాలంలో పట్టాళంలో ఇట్లాంటోళ్లు లేరు మేడమ్."

"మీ బెటాలియన్‌లో ఎంతమంది ఉండిరి?"

"ఎనిమిది వందలు."

"అందర్నీ అడిగినారా?"

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గింది. "ఇద్దరు ఉండిరి. స్టోరులో ఒకడు, వంటింట్లో ఒకడు. ఎప్పుడూ జతగానే ఉండేవోళ్లు. స్టోరువోడు మంచులో పోయినాడు. రెండోవోడు మూడు దినాలు గంజి కూడా ముట్టలే. స్నేహం అంటే ఇట్లుండాల అని మేమంతా చెప్పుకుంటిమి." అద్దాలు పెట్టుకున్నాడు. "శానా దినాలయ్యింది. ఇప్పుడు చెప్తాంటే వేరేగా అనిపిస్తాది."

"మైకులో చెప్తారా మరి?"

"తల్లి ఒప్పుకోనీ. తల్లి పక్కనుంటే ఎవడు నోరెత్తుతాడో నేను చూసుకుంటా. తల్లి కాదంటే నేను కూడా చెప్పను."

అదీ సంగతి. కొడుకు ఒక పేరు చెప్పాడు, తల్లి ఒక పేరు చెప్పింది, పిడి ఒక్కటే మిగిలి ఉంది. టైలరుకు ఫోన్ చేశాను. "నేను గుంపులో నిలబడతా పెద్దమ్మా, అమ్మనే పట్టుకోనీ. గుంపులో నిలబడేది నాకు అలవాటే," అన్నాడు. ఆ మాట మావాడికి చేరవేస్తే, "అలవాటు మాన్పించేదానికే గదా వస్తాండేది," అన్నాడు. తల్లి తనతో నేరుగా ఇంకా కాదనలేదు కాబట్టి రైలు ఎక్కుతానని, వాకిట్లో ఆమె కాదంటే పెట్టె మళ్లీ జీపు ఎక్కించి స్టేషన్‌కు పోతానని కూడా అన్నాడు. తమాషాకు అన్నది కాదు. నలభై కాగితాలు జిరాక్స్ తీయించాను, ఒక గడి ఖాళీతో. జిరాక్స్ అంగడివాడు కూడా అడిగాడు, ఏదో మర్చిపోయారని.

ఆదివారం రైలు నాలుగు నిమిషాలు ముందే వచ్చింది. మావాడు పెట్టె దించాడు, వాడి వెనక టైలరు చిన్న సంచితో దిగాడు. మావాడి ఒంటి మీద ముదురు నీలం కోటు, దాని మీద మెడల్స్. గుడ్డ నాకు తెలిసినదే అనిపించింది. దగ్గరికి పోయి అంచు తిప్పి చూశాను. మా ఆయన కోటు. టైలరు దాన్ని అయిదేళ్ల ఏడు నెలలకు పైగా దాచి, రంగు వేయించి, విప్పి మళ్లీ కుట్టాడు. "కొలతలు ఎప్పుడు తీసుకున్నావు?" అని టైలరును అడిగాను. "తీసుకోలే," అన్నాడు, అని తల దించుకున్నాడు.

దండలు మొదలయ్యాయి. పదహారో దండ బంతిపూలది, బరువైనది. అది వేసేటప్పుడు కోటు నడుం గుండీ తెగి ప్లాట్‌ఫారం మీద దొర్లింది. తప్పెట్ల వాళ్లు ఆగారు. మెడల్స్ పెట్టుకున్న మనిషి కోటు తెరుచుకుని జీపు ఎక్కితే బాగుండదు. ఎవరో పిన్నీసు అన్నారు. టైలరు అప్పటికే గుండీ ఏరుకున్నాడు. సంచిలోంచి సూది దారం తీసి, జీపు పక్కన అంతమంది మధ్యలో మావాడి ముందు నిలబడి కుట్టడం మొదలుపెట్టాడు. మావాడు చేతులు రెండూ కొంచెం ఎత్తి, పైకి చూస్తూ నిలబడ్డాడు, చిన్నపిల్లల్లాగా. కుట్టు అయ్యాక టైలరు వంగి, వాడి ఛాతీ మీదనే పళ్లతో దారం తెంపి, అరచేత్తో గుండీని ఒకసారి నొక్కాడు.

రెండు నిమిషాల పని. నేను నా చెల్లెలిని చూశాను. ఆకుపచ్చ చీరలో, మడతల గీతలు చీర మీద అలాగే ఉండగా, కళ్లు తిప్పకుండా చూస్తోంది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆమె భర్త బతికి ఉన్నప్పుడు పనికి పోయేముందు ఆమె అట్లాగే అతని కాలరు సర్దేది. నేను గోడ మీదుగా చూసేదాన్ని.

ఊరేగింపు అనుకున్నట్టే నడిచింది. మా వాకిట్లో పాస్టరుగారికి ప్రార్థనకు రెండు నిమిషాలు ఇచ్చాను, తొమ్మిది తీసుకున్నారు. తర్వాత పెట్టె దించారు. సుబేదారు కాగితం చూసి, "ఇప్పుడు పెట్టె," అని మైకులో అని ఆగాడు. ఖాళీ గడి దగ్గర ఇంకేమీ చదవడానికి లేదు.

మా చెల్లెలు ముందుకు వచ్చి ఒక పిడి పట్టుకుంది. మావాడు రెండో పిడి మీద చెయ్యి వేశాడు కానీ ఎత్తలేదు. గుంపులో మూడో వరుసలో ఉన్న టైలరు వంక చూస్తున్నాడు. వాడు చెయ్యి తీసి జీపు వైపు తిరుగుతాడని నాకు అనిపించింది. నా చేతిలో వాచీ ఉంది కానీ ఆ కాసేపు నేను దాన్ని చూడలేదు.

"నువ్వు ఇడువు," అంది మా చెల్లెలు.

"అమ్మా."

"ఇడువు అంటాండా. పదిహేడేండ్లు మోసినావు. చాలు. నువ్వు ఊరికే రా." తర్వాత గుంపు వైపు తిరిగింది. "ఏమప్పా టైలరూ, ఆడ నిలబడి కొలతలు తీస్తాండావా? వచ్చి ఆ పక్క పట్టు. నాకు మోకాళ్లు నొప్పి."

అతను వచ్చాడు. వస్తూ మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇద్దరూ ఎత్తారు. అతను పొడుగు, ఆమె పొట్టి. బరువంతా ఆమె వైపు వాలింది.

"నీ పక్క దించు. నన్ను తొక్కించేటట్టుండావే."

"వంగుతాండా అమ్మా."

"ఇంగా వంగు. ఎంత పొడుగుంటివి నాయనా, కడపలో నీళ్లు అట్లుంటాయా?"

మావాడు ఖాళీ చేతులతో వాళ్ల వెనక నడిచాడు. పట్టాళంలో చేరినప్పటి నుంచి ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ముందర వాళ్లిద్దరూ నడిచిన అడుగులు పదకొండు. ఆమె మధ్యలో దించలేదు.

సుబేదారు నా వంక చూశాడు, ఏం చెప్పమంటారని. తల్లి ఒప్పుకుంది గదా అన్నాను. ఆయన గొంతు సవరించుకుని మైకులో చెప్పాడు: "పెట్టె లోపలికి తీసుకుపోతాండేది మన సైనికుని తల్లి. ఆ పక్కన ఉండేది మన సైనికుని జోడు. ఇద్దరికీ చప్పట్లు."

నా వెనక ఒక ముసలామె, "ఎవరంట?" అంది. పక్కామె, "వినపళ్లే? జోడంట," అంది. "మగపిల్లోడు గదే." "అవును. కుట్టుపని వస్తాదంట." ముసలామె, "అయితే మావోని ప్యాంట్లు రెండుండాయి, పొడుగు," అంది. చప్పట్లు మొదట సుబేదారువే, తర్వాత అందరివీ. ఇద్దరు పెద్దమనుషులు భోజనానికి ఉండకుండా వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఒకాయన ఏప్రిల్‌లో చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు.

ఆ సాయంత్రం చెల్లెలు నా డైరీ అడిగింది. మొదటిసారి. ఎనభై మూడుకు తర్వాతి ఏళ్లవి కలిపితే వాడు కడపలో ఉన్న సెలవు రోజులు నూట యాభై ఒకటి. "అవి నావి," అంది. "నూట యాభై ఒక్క దినాలు ఇద్దరూ ఈడ ఉండాల. తర్వాత యాడికన్నా పోనీ." కడపలో అంగడి ఉందని టైలరు మెల్లగా చెప్పాడు. చాలాసేపు బేరం ఆడాక ఆదివారాలకు ఒప్పుకుంది. వారానికొకటి, నూట యాభై ఒకటి.

ఫిబ్రవరి 16తో మొదలైంది. మొన్న నవంబరు రెండుకు ముప్పై ఎనిమిది అయ్యాయి. శనివారం సాయంత్రమే ఇద్దరూ వస్తారు, మిషను ఒకటి ఇక్కడ కూడా పెట్టారు, వీధి ప్యాంట్లన్నీ పొట్టి అయ్యాయి. ఆ ముప్పై ఎనిమిదో ఆదివారం నేను కార్యక్రమం కాగితం బయటికి తీసి ఖాళీ గడిలో రెండు పేర్లు రాశాను, మా చెల్లెలిది, అతనిది. పక్కనే ఉన్న మావాడి పేరు కొట్టేశాను. పదకొండూ ఇరవై దిద్ది పదకొండూ ఇరవై తొమ్మిది అని వేశాను. తర్వాత నూట యాభై ఒకటో ఆదివారం ఎప్పుడు వస్తుందో లెక్క కట్టాను. 2028 జనవరి రెండు. టైలరు అన్నం తింటూ నా భుజం మీదుగా చూశాడు.

"ఈసారి మధ్యలో లీపు లేదు పెద్దమ్మా," అన్నాడు.

"చూసుకున్నాలే, తిను," అన్నాను.